పరుగెత్తుటకు నేల యేది?

నేల చదును. తూర్పున సముద్రము. గడ్డకట్టు చలి యేడాదిలో ఒక్కనాడును లేదు. ఇట్టి నగరము పరుగెత్తువారికి పుట్టినిల్లు కావలసినది. అయినను చెన్నపట్నమున వేకువజామున లేచి బూట్లు ముడివైచుకొన్న యువకుడు ఎంతదూరము పరుగెత్తవలెనని ఆలోచించుటకు ముందే, ఎచ్చటికి పోవలెనని ఆలోచింపవలసియున్నది. పెక్కు వీధులలో కాలిబాట లేదు. ఉన్నచోట దానిపై మోటారుసైకిళ్లు నిలిచియుండును. అవి లేనిచోట విద్యుత్తు పెట్టె అడ్డుపడును. అది దాటిన మూతలేని కాలువ నోరు తెఱచుకొనియుండును. రోడ్డుపైకి దిగిన బస్సు తరుముకొనివచ్చును. లక్షలాది జనులు వసించు మహానగరమున ఒక మనుష్యుడు తన రెండు కాళ్లపై అరగంటసేపు నిర్భయముగ పరుగెత్తుటకు చోటు వెదకుకొనవలసివచ్చుట ఆ నగరమునకు గౌరవమా?

ఫలాని పార్కు తలుపు అయిదు గంటలకు తెఱతురు. ఫలాని కళాశాల కావలివాడు మంచివాడు. ఫలాని వీధిలో కుక్కల బెడద లేదు. పరుగెత్తువారు ఒకరికొకరు చెప్పుకొను రహస్యము లివి. ఇవి ఉపయోగకరములే, కాదనము. కాని వీనితో తృప్తిపడుట మాకు సమ్మతము కాదు. పరుగెత్తు చోటు దొంగిలించిన సొమ్మువలె చాటుగ అనుభవింపవలసినది కాదు. అది పౌరుని హక్కు. హక్కును సందుగొందులలో వెదకుకొనువాడు బిచ్చగాడగును. అడిగి తీసికొనువాడు పౌరుడగును. ఈ భేదమును పాఠకుల మనస్సునకు ఎక్కించుటకే నేడు మే మీ విషయమును చేపట్టితిమి.

పరుగు విలాసమని కొందఱు పెద్దల యభిప్రాయము. పొట్ట పెరిగిన ధనవంతుడు ప్రొద్దుపోక చేయు పని యని వారు నవ్వుదురు. వారెఱుగని సంగతి యొకటి గలదు. సైన్యములో చేరగోరు బీదయింటి బిడ్డ 1.6 కిలోమీటర్లు గడియారముతో పందెము వేసి పరుగెత్తవలెను. ఆంధ్రప్రదేశమున కానిస్టేబులు కొలువు కోరువానికి 1600 మీటర్ల పరుగు పరీక్ష గలదు. ఆ బిడ్డకు పరుగు అన్నము. ధనవంతుడు తన చల్లని గదిలో ట్రెడ్‌మిల్లుపై పరుగెత్తగలడు. బీదవానికి దొరకునది లారీలు తిరుగు రాజమార్గపు అంచు మాత్రమే. మధుమేహము పట్టణములలో ఇంటింటి చుట్టమైన కాలమిది. దేహమును కదలింపుడని వైద్యులు రోగికి చెప్పుచున్నారు. ఎచ్చట కదలింపవలెనో చెప్పవలసిన నగరపాలకులు మౌనముద్ర వహించియున్నారు.

ఇక ఎండ మాట. “ఉష్ణదేశమున పరుగేమి?” యని యడుగువారికి సమాధానము చెప్పవలసియున్నది. పరుగెత్తు దేహము తాను వ్యయపఱచు శక్తిలో సుమారు నాల్గింట మూడుపాళ్లు వేడిగా మార్చును. ఆ వేడిని చెమట ఆవిరియై కొనిపోవలెను. గాలిలో తేమ నిండియున్నప్పుడు చెమట ఆవిరికాక కారిపోవును. కారిపోయిన చెమట దేహమును చల్లార్చదు. సముద్రతీరనగరములలో ఉన్న కష్టమిది. వేకువను ఉష్ణము తక్కువ, తేమ యెక్కువ. సాయంకాలము సముద్రపుగాలి వీచునుగాని, పగలెల్ల కాగిన తారును కాంక్రీటును రాత్రివఱకు సెగలు గ్రక్కుచుండును. రెంటిలో వేకువయే మేలు. వేగము తగ్గించుకొనవలెను. క్రొత్తవాడు పది పదునాలుగు దినములు కొంచెము కొంచెముగ పెంచుకొనిన, దేహము తానే అలవాటుపడును. చెమట త్వరగా పట్టును, అందలి ఉప్పు తగ్గును, గుండె కుదుటపడును. మే నెలలో 40 డిగ్రీలు దాటు పగటివేళ పరుగెత్తుట మాత్రము వీరత్వము కాదు, తెలివిమాలినతనము.

కావున ఎండను జయించుటకు నాలుగు సాధనములు గలవు: వేళ, నిదానము, నీడ, నీరు. మొదటి రెండును పరుగెత్తువాని వంతు. కడమ రెండును నగరము వంతు. మన యువకులు తమ వంతు చెల్లించుచున్నారు. నాలుగు గంటలకు లేచుచున్నారు. చీకటిలో బయలుదేరుచున్నారు. నగరము తన వంతు చెల్లించినదా? 2016 డిసెంబరు 12వ తేదీన వచ్చిన వార్ధా తుపాను చెన్నపట్నమున వేలకొలది చెట్లను కూల్చినది. తుపాను దైవికము. తుపాను రాని దినములలో రోడ్లు వెడల్పుచేయు పేర చెట్లను కూల్చునది గొడ్డలి. దానిని దైవముపై నెట్టుటకు వీలులేదు. వేపయు కానుగయు ఈ నేలకు పుట్టిన చెట్లు, నీడనిచ్చుటకు జీతమడుగవు. వరుసగ నాటి, మూడేండ్లు నీరుపోసి కాపాడినచో ముందుతరమువారు చల్లగ పరుగెత్తుదురు. నాటిననాటి ఛాయాచిత్రము పత్రికలో అచ్చుపడిన తోడనే మొక్కను మఱచు పాలకులకు ఈ ముక్క యెవరు చెప్పవలెను?

చెన్నపట్నము మనకు పరాయి యూరు కాదు. 1953లో ఆంధ్రరాష్ట్రము వేఱుపడిన పిదపను తెలుగువారు అచ్చట లక్షలుగ నిలిచియున్నారు. మైలాపూరున లజ్ సమీపమున ఒక ఉద్యానము గలదు; దానికి మన దేశోద్ధారకుడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు పెట్టిరి. 1914లో ఆంధ్రపత్రికను బొంబాయినుండి చెన్నపట్నమునకు తెచ్చి దినపత్రికగ నడపిన మహనీయు డాయన. ఆయన పేరిటి తోటలో వేకువను వందలమంది నడచుచుందురు. కాని అది చిన్నతోట. నడచువారి మధ్య పరుగెత్తువాడు అందఱికి అడ్డము. అందఱును వానికి అడ్డము. త్యాగరాయనగరున పానగల్లు రాజావారి పేర వెలసిన పార్కును అట్టిదే. భూగర్భ రైలుమార్గపు పనులు వచ్చి అందు కొంతభాగమును మ్రింగినవి. పేరులు మనవారివి మిగిలినవి. నేల మాత్రము మిగులుటలేదు.

మిగిలినది మెరీనా. 1884లో గవర్నరు గ్రాంటు డఫ్ సముద్రపుటొడ్డున నడకబాట వేయించి దాని కీ పేరు పెట్టెను. తిలక్ ఘట్టమున స్వరాజ్యసభలు జరిగినది ఈ యిసుకపైననే. 2017 జనవరిలో జల్లికట్టు కొఱకు వేలకొలది యువకులు దినములతరబడి కూర్చుండినదియు నిచ్చటనే. ఏల యిచ్చటనే? ఆ నగరమున గోడ లేని పెద్దనేల ఇది యొక్కటే కనుక! గోడ లేనిచోట ప్రజ కనబడును. నేడు వేకువను చెన్నపట్నము పరుగెత్తుట చూడదలచినవారు అచ్చటికే పోవలెను. లేదా దక్షిణమున బీసెంటునగరు తీరమునకు పోవలెను. మంచిదే. కాని సముద్రమునకు పది పదిహేను కిలోమీటర్ల దూరమున వసించు కార్మికుడు ఏ బస్సెక్కి పరుగునకు పోవును? పరుగెత్తుటకు బండి యెక్కి పోవలసిన దుర్గతి నవ్వదగినదా, ఏడ్వదగినదా?

నగరమున నేల మొదటినుండియు లేదని యెవరైన నన్న మేమొప్పము. ఉండెను. పోగొట్టుకొంటిరి. 1859లో గవర్నరు చార్లెస్ ట్రెవీలియను సెంట్రల్ స్టేషను సమీపమున ప్రజల కొఱకు ‘పీపుల్స్ పార్కు’ నేర్పఱచెను. వైశాల్యము 116 ఎకరములు. ప్రజల తోట యని పేరుననే వ్రాసిపెట్టిన నేల అది! తరువాత నేమి జరిగినది? ఒకమూల విక్టోరియా పబ్లిక్ హాలు లేచినది. 1900లో మూరుమార్కెట్టు తెఱచిరి. 1913లో రిప్పను భవనము పూర్తియైనది. పిమ్మట క్రీడామందిరము, 1985లో మూరుమార్కెట్టు కాలిపోగా ఆ స్థలము రైల్వేవారి భవనముల పాలైనది. ఏ యొక్క కట్టడమును దుష్కార్యమని మేమనము. నగరమునకు సభాభవనము కావలెను, పురపాలకభవనము కావలెను, రైలుస్టేషనును కావలెను. కాని ప్రతి కట్టడమునకును ఖాళీగ కనబడినది ప్రజల నేలయే! ఖాళీనేల యనగా వాడుకలో లేని నేల యని అధికారుల నిఘంటువు. ఖాళీగ ఉండుటయే దాని వాడుక యని వారికి తోచలేదు. కొంచెము కొంచెముగ కోసిన కూర యెవరును తినకయే యయిపోయినట్లు, ఎవరును అపహరింపకయే 116 ఎకరముల తోట మాయమైనది.

మనుష్యునికి నేల కఱవైన నగరమున గుఱ్ఱమునకు కఱవులేదు. గిండీలో గుఱ్ఱపుపందెములు పద్దెనిమిదవ శతాబ్దమునాటివి. 1945లో 160 ఎకరములకు మించిన ప్రభుత్వభూమిని పందెముల క్లబ్బునకు 99 ఏండ్ల కౌలునకిచ్చిరి. చదునుచేసిన నేల, పచ్చిక పఱచిన బాట, మధ్య గోల్ఫ్ ఆడువారికి మైదానము! చెన్నపట్నమున పరుగునకు తగిన శాస్త్రోక్తమైన చోటు ఉన్నదా యని యడిగినచో, ఉన్నది. నాలుగు కాళ్లు గలవారికి మాత్రమే యని చెప్పవలసివచ్చినది. కౌలుసొమ్ము బాకీ నిమిత్తమై 2024 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వము ఆ కౌలును రద్దుచేసెను. అచ్చట ఉద్యానమును, చెఱువులను వేయుదుమనిరి. వివాదము న్యాయస్థానములకెక్కినది. వ్యాజ్యము ఎట్లు తేలినను ప్రజలు మఱువరానిది ఒక్కటి: ఆ నేల ప్రజలది. దానిపై మఱల నొక గోడ లేచి, తలుపునకు రుసుము పెట్టి, లోపల ఫలహారశాలలు కట్టినచో గుఱ్ఱము పోయి గాడిద వచ్చినట్లగును. చుట్టును నీడబాట, మధ్య నీటిగుంట, తెల్లవాఱకమునుపే తెఱచు తలుపులు: ఇవి చాలును.

గోడల సంగతి చెప్పుకొందము. ప్రభుత్వధనముతో నడచు విద్యాలయముల మైదానములు, కళాశాలల ఆవరణలు, కార్యాలయముల తోటలు నగరమున నలుదెసల గలవు. వేకువ నాలుగున్నరనుండి ఏడుగంటలవఱకు వానిలో బోధన లేదు, పరీక్ష లేదు, కచ్చేరి లేదు. తలుపు మాత్రము మూసియుండును. భద్రత యందురు. రెండున్నరగంటలకు ఒక కావలివానిని, రెండు దీపములను అదనముగ పెట్టలేని సంస్థ తన భద్రతనుగూర్చి యేమి మాటలాడగలదు? గిండీ అడవి యందలి జింకలను కదలింపుడని మే మడుగుటలేదు. అడవి మృగములదే, దానిని వానికే విడువుడు. మైదానము మనుష్యులది, దానిని మనుష్యులకు విడువుడు.

బకింగుహాము కాలువ కథ యింకను విచారకరము. పెదగంజామునుండి చెన్నపట్నము మీదుగ మరక్కాణము వఱకు 400 కిలోమీటర్లకు పైబడి సాగు ఈ జలమార్గమున ఒకప్పుడు మన ఆంధ్రదేశపు సరకులు పడవలపై చెన్నపట్నమునకు పోయెడివి. 1877–78 క్షామకాలమున కూవమునకును అడయారునకును నడుమ గల భాగమును ఆకలికూలీలచేత త్రవ్వించిరి. డొక్కలంటిన దేహములు త్రవ్విన కాలువ యది. దాని గట్టులు సమతలములు; వీధులను దాటనక్కఱలేక నగరమును పొడుగునను చీల్చుకొనిపోవునవి. పరుగెత్తువానికి ఇంతకన్న నేమి కావలెను? 1990 దశకమున ఎత్తురైలు స్తంభములను ఆ కాలువలోనే దింపిరి. కాలువ మురుగైనది, గట్టు మాయమైనది. చదునునేలకు నీరు పాఱుటయే కష్టము. నీటి త్రోవను మూసిన నగరము 2015 డిసెంబరులో నీట మునిగి కొంత నేర్చుకొనవలసినది. నీటికి త్రోవ విడిచినచోట గట్టు మిగులును. గట్టు మిగిలినచోట మనుష్యునికి బాట మిగులును. వరదనుండి రక్షయు, పరుగునకు చోటును ఒకే పని వలన సిద్ధించు నప్పుడు పాలకులు రెండింటిని విడిచి మూడవదగు కాంక్రీటును కౌగిలించుకొనుట యే నీతి?

ఏటేట జనవరిలో చెన్నపట్నమున మారథాన్ జరుగును. వేలమంది పరుగెత్తుదురు. వీథులు మూయుదురు, పోలీసులు కావలికాతురు, నీరందింతురు, పెద్దలు జెండా ఊపుదురు. మేము సంతోషింతుము. కాని ఒక్కప్రశ్న. ఆ ఒక్క ఉదయమున సాధ్యమైనది తక్కిన ఉదయములందు ఏల సాధ్యము కాదు? రోడ్డు మూయుట సాధ్యమని తెలిసినది. నీరందించుట సాధ్యమని తెలిసినది. వలయునది సామర్థ్యము కాదు, సంకల్పము. ఏడాదికొకసారి తల్లికి మ్రొక్కి కడమ దినములు అన్నము పెట్టని కుమారుని భక్తి యెట్టిదో ఈ పరుగుభక్తియు నట్టిదే.

స్త్రీలమాట ప్రత్యేకముగ చెప్పవలెను. ఎండ తప్పించుకొనుటకు చీకటివేళ బయలుదేరుడని పురుషునికి సులువుగ చెప్పుదుము. అదే చీకటి స్త్రీకి మఱియొక ఎండ. దీపము లేని వీధి, చూపులతో వెంబడించు పోకిరులు, ఇంట పెద్దల భయము: ఈ మూడును ఆమె కాళ్లకు సంకెళ్లు. పదుగురు తిరుగు చోట, వెలుతురు గలచోట మాత్రమే ఆమె పరుగెత్తగలదు. కావున నగరమున పరుగునకు తగిన చోటు ఉన్నదా లేదా యని తేల్చుటకు ఒకే కొలబద్ద: వేకువ అయిదుగంటలకు ఒక బాలిక ఒంటరిగ అచ్చట పరుగెత్తి యింటికి నిశ్చింతగ రాగలదా? రాగలిగిన అది చోటు. లేనిచో అది మగవారి క్లబ్బు.

ఇంతయు చెన్నపట్నమునకే చెప్పి ఊరకుండము. ఆంధ్రదేశపు డెల్టా పట్టణములు దానికి చెల్లెండ్రు. విజయవాడ వేసవి చెన్నపట్నపు వేసవికన్న తీవ్రము. సముద్రపుగాలి అచ్చటికి చేరదు. అయినను ఆ నగరమునకు దైవమును, పూర్వులును ఇచ్చిన భాగ్యమేమి? 1855లో కృష్ణపై ఆనకట్ట పూర్తియైనది మొదలు బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవసు కాలువ నగరము నడుమనుండియే ప్రవహించుచున్నవి. మూడు కాలువలకు ఆఱు గట్టులు. ఆఱు గట్టులపై ఎడతెగని నీడబాటలు వేయగలిగినచో దేశమున అట్టి నగరము మఱియొకటి ఉండునా? గట్టున చెత్తయు, ఆక్రమణలును, నిలిపిన బండ్లును చూచుచు ఊరకుండుట యెందులకు?

అన్నిటికన్న ముఖ్యము అమరావతి. 217 చదరపు కిలోమీటర్ల రాజధాని. 2015 అక్టోబరు 22వ తేదీన శంకుస్థాపన జరిగి, నడుమ ఆగి, 2025 మే నెలలో పనులు మఱల నారంభమైనవి. కృష్ణాతీరపు చదునునేల, వేసవి మంట. నీటిబాటలును పచ్చదనమును గల నగరముగ దానిని చిత్రించిరి. పటమున పచ్చరంగు పూయుట సులభము. చెన్నపట్నపు పీపుల్స్ పార్కును పటమున పచ్చగనే యుండెను! పచ్చరంగు నిలుచుటకు శాసనము కావలెను. ఈ నేలపై ఏ ప్రజోపయోగము పేరనైనను కట్టడము లేవరాదని మొదటనే వ్రాయుడు. భవనము కట్టిన పిదప చెట్టునకు చోటు వెదకుట, శవమునకు మందు వెదకుటయే.

మే మడుగునవి కొండంత కోరికలు కావు. చదునునేలలో పరుగుబాట వేయుటకు కొండ త్రవ్వనక్కఱలేదు, వంతెన కట్టనక్కఱలేదు. రెండు మూడు గజముల వెడల్పున దిమ్మిసకొట్టిన మట్టిబాట, పైన చెట్లనీడ, ప్రక్క దీపము, కిలోమీటరుకొక కుళాయి. ఇంటింటికిని నడచిపోగల దూరమున ఇట్టి బాట ఒకటి. ప్రభుత్వమైదానములకు వేకువ తాళము తీయుట. కాలిబాటపై బండి నిలిపినవానికి జరిమానా వేయుట. ఒక్క వంతెన ఖర్చులో ఎన్ని బాటలు వెలయునో లెక్కకట్టి ప్రజలకు చూపుమని పురపాలకులను సవాలు చేయుచున్నాము.

సోదరీసోదరులారా! ఏ బాట బాగున్నదని మిత్రు నడుగుట మానుకొనుమని మేమనము. అడుగుడు, పరుగెత్తుడు. కాని ఇంటికి వచ్చి చెమట తుడుచుకొన్న వెంటనే ఒక కాగితము తీసికొనుడు. మీ పేటలో తాళము పడిన ప్రభుత్వమైదానము లెన్ని, కొట్టివేసిన చెట్లెన్ని, మూతలేని కాలువ లెన్ని, వెలుగని దీపము లెన్ని, వ్రాయుడు. పదిమందిచేత చేవ్రాలు చేయించి పురపాలక కార్యాలయమున అర్జీ పెట్టుడు. జవాబు రానిచో నూఱుమందితో పోవుడు. ఓటడుగుటకు వచ్చిన అభ్యర్థిని కులము, పార్టీ అడుగుటకు ముందు, మా పిల్లలు పరుగెత్తుటకు నేల యేదని యడుగుడు. కాళ్లు పరుగెత్తలేని జాతి గుండె యెంతదూరము పోగలదు? నేల మనది. గోడ నడుమ వచ్చినది. తాళపుచెవి ఎవరి చేతనున్నదో వారిని అడుగుటకు ఇక ఆలసింపకుడు.